ఒకే పేరు, మూడు లిపులు: ఇస్లాంలో నామకరణం, పాలమూరు–నల్లగొండ అలవాట్లు

తెలుగులో 'ఆసియా' అని రాసే ఆడపిల్ల పేరు వెనుక అరబీలో రెండు వేర్వేరు మాటలు ఉన్నాయి. అలిఫ్, సీన్ అక్షరాలతో రాసేది ఫిరౌను (మూసా ప్రవక్త కాలపు ఈజిప్టు రాజు) భార్య పేరు. ఖదీజా, ఫాతిమా, మర్యంల సరసన ఇస్లామీయ సంప్రదాయం నిలబెట్టిన స్త్రీ ఆమె. అయిన్, సాద్ అక్షరాలతో రాసేది 'అవిధేయురాలు' అనే అర్థమిచ్చే మాట. ఈ రెండో పేరున్న ఒక స్త్రీకి దైవప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలుగుగాక) 'జమీలా' అని పేరు మార్చినట్టు ఆయన సహచరుడు ఇబ్న్ ఉమర్ (రజి: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ఉల్లేఖనం సహీహ్ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనం) సంకలనంలో ఉంది. అంటే తెలుగు కాగితం మీద అచ్చంగా ఒకేలా కనిపించే పేరు ఒక రూపంలో ఆదర్శం, ఇంకో రూపంలో మార్చదగినది. ఉర్దూ మాట్లాడేవారి నోట కూడా అయిన్‌కూ అలిఫ్‌కూ, సాద్‌కూ సీన్‌కూ ఉచ్చారణలో తేడా దాదాపు మిగలలేదు కాబట్టి చెవితో విని తేల్చుకునే వీలూ లేదు. తేడా కనిపించేది అరబీ లిపిలోనే.

పుట్టిన బిడ్డకు పేరు పెట్టడం గురించి ఇస్లాం చెప్పిన నిషేధాలు నిజానికి కొద్దివే. అనుమతించినవి చాలా ఎక్కువ. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ముస్లిం కుటుంబాలకు ఎదురయ్యే చిక్కులు ధర్మశాస్త్రం దగ్గరకన్నా లిపి దగ్గరే ఎక్కువగా పుడుతున్నాయి. ఉర్దూలో అనుకున్న పేరు తెలుగులో రిజిస్టరుకెక్కి, అక్కడి నుంచి ఇంగ్లిషులో ఆధార్ కార్డుకు చేరి, ఎవరైనా గల్ఫ్‌కు వెళ్తే మళ్లీ అరబీలోకి తిరిగి వచ్చేసరికి, మొదట ఉద్దేశించిన అర్థం ఆ దారిలో ఎక్కడో జారిపోతుంది.

ముందుగా సమయం సంగతి. ప్రతి బిడ్డా తన అఖీఖాకు (బిడ్డ పుట్టినందుకు ఇచ్చే జంతుబలికి) తాకట్టుగా ఉంటుందనీ, ఏడో రోజున జంతువును జిబహ్ చేసి (కోసి), తల వెంట్రుకలు తీసి, పేరు పెట్టాలనీ సమురా (రజి) ఉల్లేఖించిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ తదితర సంకలనాల్లో ఉంది. అలాగని ఏడో రోజు దాకా ఆగితీరాలన్న నియమం లేదు. 'నిన్న రాత్రి నాకు కొడుకు పుట్టాడు, నా పితామహుడు ఇబ్రాహీం పేరు పెట్టాను' అని ప్రవక్త (స) స్వయంగా చెప్పిన మాట సహీహ్ ముస్లింలో ఉంది. అబూ మూసా (రజి) తన కొడుకును తీసుకువస్తే ప్రవక్త (స) ఇబ్రాహీం అని పేరు పెట్టి, ఖర్జూరం నమిలి పసివాడి అంగిట రాసిన సంగతి బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. పుట్టిన రోజైనా, ఏడో రోజైనా రెండూ సున్నత్ (ప్రవక్త ఆచరణ) పరిధిలోవే. మన దగ్గర ఆరో రోజు 'ఛట్టీ', నలభయ్యో రోజు 'చిల్లా' జరిపే అలవాటు దక్కన్ ఆచారమే తప్ప ధర్మశాస్త్రం పెట్టిన గడువు కాదు. మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి చొప్పున గొర్రెలో మేకలో కొనే స్తోమత ఆ వారంలో లేకపోతే అఖీఖాను వాయిదా వేసుకోవచ్చు. దానితోపాటు పేరునూ వాయిదా వేయనక్కరలేదు. ఈ రెండింటినీ ముడిపెట్టి, విందుకు డబ్బులు సమకూరేదాకా బిడ్డను 'మున్నా', 'గుడియా' అని పిలుస్తూ కాలం గడపడం మామూలే. ఆ ముద్దుపేరే చివరికి బడి రిజిస్టరుకు ఎక్కడమూ కద్దు.

పుట్టగానే కుడి చెవిలో బాంగు (అజాన్, అంటే నమాజు పిలుపు) వినిపించే ఆచారానికి అబూ రాఫి (రజి) ఉల్లేఖనం ఆధారం. ప్రవక్త (స) తన మనవడు హసన్ చెవిలో అజాన్ పలికినట్టు అది చెబుతుంది. దాని ఉల్లేఖన పరంపర బలం మీద హదీసు పండితులకు భిన్నాభిప్రాయాలున్నా, ఈ ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయంలో ఆచారం మాత్రం స్థిరపడింది. చాలా పల్లెల్లో బాంగు పలకడానికి వచ్చిన మౌల్సాబే పేరు కూడా చెప్పి వెళ్తారు.

పేరు పెట్టే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు, తల్లిదండ్రుల మధ్య మాట కుదరనప్పుడు తండ్రిదే చివరి మాట అని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ అల్ ఖయ్యిం తేల్చాడు. బిడ్డ తండ్రి పేరుతోనే గుర్తింపు పొందుతుంది అన్నది దాని వెనుక ఉన్న తర్కం. అయితే ఖుర్ఆన్‌లో కనిపించే నామకరణాల్లో ఒకటి తల్లి చేసినదే. ఆలి ఇమ్రాన్ సూరా 36వ వాక్యంలో ఇమ్రాన్ భార్య 'ఈమెకు మర్యం అని పేరు పెట్టాను' అంటుంది. కాబట్టి తండ్రి హక్కు తగవు తీర్చే సూత్రమే గాని తల్లి నోరు మూయించే సూత్రం కాదు. ఆచరణలో ఇక్కడి ఇళ్లలో పేరు నిర్ణయించేది చాలాసార్లు దాదీ (నాయనమ్మ), లేదా మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కాబట్టి నానీ (అమ్మమ్మ).

ఏ పేర్లు మంచివి? అల్లాహ్‌కు అత్యంత ప్రీతిపాత్రమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ అని సహీహ్ ముస్లింలోని హదీసు. 'అబ్ద్' అంటే దాసుడు. అల్లాహ్ శుభనామాల్లో ఏదో ఒకదానికి ముందు అది చేరితే పేరు పూర్తవుతుంది. ఆడపిల్లలకు ఇదే పద్ధతిలో 'అమతుల్లా', 'అమతుర్రహ్మాన్' వంటి పేర్లున్నాయి; హైదరాబాద్ పాత కుటుంబాల్లో వినిపించే 'అమతుల్' ఆ మాట ముక్కే. చిక్కల్లా ఈ ముక్కలు చేయడంతోనే వస్తుంది. అరబీ వ్యాకరణం ప్రకారం 'అబ్దుల్' అనేది పేరు కాదు. 'ఫలానావారి దాసుడు' అన్న పదబంధంలో సగం. 'రజాక్' ఒక్కటే అంటే 'ఉపాధి ప్రదాత', అంటే అల్లాహ్ గుణనామం. అబ్దుల్ రజాక్‌ను బజారులో 'రజాక్ భాయ్' అనీ, అబ్దుల్ ఖాలిఖ్‌ను 'ఖాలిఖ్ సాబ్' అనీ పిలిచేవారు, తెలియకుండానే దాసుడికి ప్రభువు పేరు పెడుతున్నారు. అన్ని నామాల విషయంలోనూ పట్టింపు ఒకే స్థాయిలో ఉండదు. తౌబా సూరా 128వ వాక్యంలో ప్రవక్తను (స) 'రవూఫ్', 'రహీం' అని ఖుర్ఆనే వర్ణించింది కాబట్టి రహీం, కరీం, రషీద్ వంటివి మనుషులకూ వర్తిస్తాయని పండితులు ఒప్పుకుంటారు. రహ్మాన్, ఖాలిఖ్, రజాక్, ఖుద్దూస్ వంటివి అల్లాహ్‌కే ప్రత్యేకం. రిజిస్టరులో 'అబ్దుల్' ఒక పదంగా, 'రజాక్' ఇంకో పదంగా చీలిపోయి, మొదటిది ఇంటిపేరు గడిలోనూ రెండోది పేరు గడిలోనూ పడిందంటే, దఫ్తర్ కాగితం ఆ పొరపాటును శాశ్వతం చేసినట్టే. 'అబ్దుర్రజాక్' అని ఒక్క పదంగా రాయించుకుంటే ఈ బాధ ఉండదు.

దాస్యం అల్లాహ్‌కు తప్ప మరొకరికి చెందేలా పేరు పెట్టకూడదన్నది స్పష్టమైన నిషేధం. ఈ విషయంలో ప్రవక్త (స) తాత పేరైన అబ్దుల్ ముత్తలిబ్ ఒక్కటి మినహా పండితులందరిదీ ఏకాభిప్రాయమని పాతకాలపు పండితుడు ఇబ్న్ హజ్మ్ నమోదు చేశాడు. అందుకే 'అబ్దుర్రసూల్' వంటి పేరు వివాదంలో పడుతుంది. ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్న 'గులాం రసూల్', 'గులాం దస్తగీర్' సంగతి వేరు. అరబీలో 'గులాం' అంటే బాలుడు, సేవకుడు; ఆరాధన అన్న ఛాయ దానిలో లేదనేవారు ఆ పేర్లను సమర్థిస్తారు, వద్దనేవారు జాగ్రత్త కోసం వద్దంటారు. తాతల నుంచి వచ్చిన ఇలాంటి పేర్లను పట్టుకుని మనుషుల విశ్వాసాన్ని కొలవడం మాత్రం ఏ పక్షానికీ తగని పని.

పేర్లు మార్చిన సందర్భాల్లోనే ప్రవక్త (స) పద్ధతి బాగా తెలుస్తుంది. 'హర్బ్' అంటే యుద్ధం; అలీ (రజి) తన కొడుక్కి ఆ పేరు అనుకుంటే ప్రవక్త (స) హసన్ అన్నారని ఉల్లేఖనం. జైనబ్‌కు మొదటి పేరు 'బర్రా', అంటే పుణ్యవతి. అర్థం మంచిదే అయినా అది తనను తాను మెచ్చుకున్నట్టు ఉంటుందని మార్చారు. అన్నిటికంటే ఆసక్తికరమైనది బుఖారీలోని 'హజ్న్' అనే పేరున్న వ్యక్తి వృత్తాంతం. కరుకు నేల అని ఆ మాటకు అర్థం. 'నీవు సహ్ల్‌వి' అని, అంటే మెత్తని నేల అని, ప్రవక్త (స) మార్చబోతే, 'మా నాయన పెట్టిన పేరు మార్చుకోను' అని ఆయన నిరాకరించాడు. ఆయన మనవడు సయీద్ ఇబ్న్ ముసయ్యిబ్ పెద్దయ్యాక, ఆ కరుకుదనం మా ఇంట్లో అలాగే మిగిలిపోయింది అని చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించదగినది ఇంకొకటి ఉంది: హజ్న్ కాదన్నందుకు ఆయన మీద ఎలాంటి శిక్షా పడలేదు. సలహా సలహాగానే ఉండిపోయింది. అలాగే అఫ్లహ్, యసార్ వంటి పేర్లు పెట్టవద్దని సమురా (రజి) హదీసులో ఉంది; కారణం, 'యసార్ ఉన్నాడా?' అంటే 'లేడు' అనాల్సి వస్తుంది, యసార్ అంటే సౌఖ్యం కాబట్టి. బరకత్ వంటి పేర్లను కూడా నిషేధించాలని అనుకుని, ప్రవక్త (స) ఆ తర్వాత మౌనం వహించారని జాబిర్ (రజి) చెప్పారు. బరకత్ అలీల ఇళ్లలో ఎవరూ కలత పడాల్సిన పని లేదు.

ఈ నేపథ్యంలో చూస్తే తెలంగాణ పల్లెల పాత అలవాటు ఒకటి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. వరుసగా బిడ్డలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకున్నట్టు చేసి పెంటయ్య, పెంటమ్మ అని పిలుస్తారు. చెడ్డ పేరుంటే దిష్టి తగలదని, చావు కన్ను పడదని నమ్మకం. ముస్లిం ఇళ్లలో 'ఫకీర్' అన్న పేరు కొన్నిసార్లు ఇలాంటి మొక్కు నుంచే వచ్చింది. బిడ్డ బతకాలన్న తపన ఎవరికైనా అర్థమయ్యేదే. కానీ పేరులోని చెడు బిడ్డకు కవచమవుతుందన్న భావనకు ఇస్లాంలో చోటు లేదు. హదీసుల్లో జరిగినది చెడ్డ పేరును మంచిదానికి మార్చడమే. పుట్టిన ఘడియను బట్టి మొదటి అక్షరం వెతికే జంత్రీల (పంచాంగాల) సంగతీ ఇంతే. అక్షరాల సంఖ్యలు కూడి పుట్టిన హిజ్రీ సంవత్సరం వచ్చేలా పెట్టే 'తారీఖీ నామ్' మాత్రం సాహిత్య సరదాగా భావించవచ్చు. అరబీ అక్షరాలకు సంఖ్యలిచ్చే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' 92 అవుతుంది. ఆ లెక్క తెలిసిన పెద్దలు తగ్గిపోవడంతో ఆ సరదా కూడా తగ్గింది.

ఇక ఈ నేల సొంత పేర్లు. కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గా ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది; చుట్టుపక్కల జహంగీర్, జాంగీర్ పేర్లకు ఆ మొక్కులే కారణం. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఇంకా పెద్ద పేరునిచ్చింది: సైదులు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదాచారి అన్న పేర్లు పెట్టుకున్నవారిలో అత్యధికులు హిందువులే. ఉర్సుకు మొక్కి, బిడ్డ పుట్టాక ఆ పేరు పెట్టుకున్నవారే. పీర్ల పండుగ నుంచి హుస్సేన్, కాసిం, ఇమాం, పీరయ్య. గుల్బర్గా బందేనవాజ్, అజ్మీర్ మొయినుద్దీన్ చిష్తీల పేరున ఖాజా. అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదుల నుంచి గౌస్, దస్తగీర్, మహబూబ్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరున 1890లో పాలమూరు పట్టణం మహబూబ్‌నగర్ కావడంతో ఆ చివరి పేరు ఊరికీ దక్కింది.

ధర్మశాస్త్రం తరఫున ఈ పేర్లన్నిటికీ ఒకే జవాబు లేదు. హుస్సేన్, కాసిం, మహబూబ్ పేర్లకు అభ్యంతరమే లేదు. ఫలానా దర్గా దయవల్ల పుట్టాడన్న నమ్మకంతో పెట్టినప్పుడు ప్రశ్న పేరు మీద కాదు, నమ్మకం మీద వస్తుంది. 'జహంగీర్' పారసీ మాట, లోకాన్ని గెలుచుకున్నవాడు అని అర్థం. రాజాధిరాజు అన్న పేరు అల్లాహ్ దగ్గర అత్యంత నీచమైనదని బుఖారీలోని హదీసు. దానికి వివరణగా 'షాహన్‌షా' అన్న పారసీ మాటనే ఉల్లేఖకుడు సుఫ్యాన్ ఉదాహరించాడు. జహంగీర్ ఆ హద్దుకు దగ్గరగా ఉన్నా ఆ మాట కాదు, అది ఇక్కడ బిరుదుగా కాక పీరు పేరుగా స్థిరపడింది. దాన్ని షాహన్‌షాతో ఒకే గాటన కట్టడం అతి. సైదులు విషయంలో ఇంకో తమాషా ఉంది. అరబీలో సయ్యద్ వేరు, సయీద్ వేరు, షహీద్ వేరు; నాయకుడు, భాగ్యవంతుడు, అమరుడు అని మూడు అర్థాలు. తెలుగు నోట నలిగితే మూడింటికీ 'సైదు' దగ్గరే. దానికి 'లు' చేర్చి గౌరవం ఇచ్చింది తెలుగే.

పేరు అరబీదే కావాలన్న నియమం కూడా లేదు. ఇబ్రాహీం, ఇస్మాయీల్, ఇస్హాఖ్ మూలంలో అరబీ పేర్లు కావు. పర్వీన్, నస్రీన్, షబానా పారసీవి. కృత్తికల గుంపు అని పర్వీన్‌కు, అడవి గులాబీ అని నస్రీన్‌కు అర్థం. అర్థం మంచిదై, అందులో బహుదైవారాధన ఛాయ లేకపోతే చాలు. కొత్తగా ఇస్లాంలోకి వచ్చినవారు కూడా పేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు.

అసలు ఇబ్బంది ఇప్పుడు ఫోన్‌లో వెతికి పెట్టే పేర్లతో వస్తోంది. అవి వచ్చేది ఇంగ్లిషు అక్షరాల్లో. ఇంగ్లిషు 'జెడ్' ఒక్కటే అరబీలోని జాల్, జే, జాద్, జో అనే నాలుగు అక్షరాలకు పని చేస్తుంది. తెలుగు 'జ' ఆ నాలుగింటికీ తోడు జీమ్‌కు కూడా. జఫర్ అంటే విజయం; జాఫర్ ప్రవక్త (స) పెదతండ్రి కొడుకు పేరు. దీర్ఘం ఒకటి తప్పిపోతే రెండూ కలిసిపోతాయి. దక్కనీ ఉర్దూలో 'ఖాఫ్' అక్షరాన్ని 'ఖే'గా పలకడం ఇంకో మెలిక. సర్వశక్తిమంతుడు అనే 'ఖాదిర్' అందుకే ఇక్కడ ఖాదర్ అయింది. ఇంగ్లిషులో 'కె హెచ్'తో రాసిన ఆ పేరును గల్ఫ్ దేశపు గుమాస్తా వీసా మీద అరబీలో 'ఖే'తో రాస్తే అది అల్లాహ్ నామం కాకుండా పోతుంది. ఖుర్ఆన్‌లో కనిపించిన మాట ఏదైనా పేరే అనుకోవడం ఇంకో పొరపాటు. మూడే వాక్యాలున్న కౌసర్ సూరాలో మొదటి వాక్యంలోని 'కౌసర్' అందమైన పేరు. చివరి వాక్యంలోని 'అబ్తర్' అంటే వంశం తెగినవాడు. రెండూ వినడానికి ఒకే తీరుగా ఉంటాయి. ముందు అరబీ లేదా ఉర్దూ లిపిలో పేరు రాయించి, దాని అర్థం తెలుసుకుని, ఆ తర్వాతే తెలుగు, ఇంగ్లిషు స్పెల్లింగులు ఖరారు చేసుకోవడం దీనికి తేలికైన విరుగుడు. మసీదులో ఐదు నిమిషాల పని.

ఆ ఖరారు ఎంత అవసరమో రిజిస్ట్రేషన్ చట్టం చూస్తే తెలుస్తుంది. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం కింద పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడో రోజు నామకరణం జరిగితే ఇంకా రెండు వారాలు చేతిలో ఉంటాయి. పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాది లోపు రుసుం లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుంతో పేరు చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే ఆధారం కాబట్టి అందులో పడిన స్పెల్లింగే జీవితాంతం వెంట వస్తుంది. ప్రవక్త (స) పేరునే తీసుకుంటే ముహమ్మద్, మొహమ్మద్, మహమ్మద్, మహ్మద్ అని తెలుగులో నాలుగు రకాలుగా రాస్తున్నారు; ఇంగ్లిషులో అంతకన్నా ఎక్కువ. చాలాచోట్ల అది 'ఎండీ'గా, షేక్ 'ఎస్‌కే'గా కుదించుకుపోయి, అవే ఇంటిపేర్లన్నట్టు మిగిలాయి. తండ్రి కార్డులో 'ఎండీ', బిడ్డ పత్రంలో పూర్తి పేరు ఉంటే, ఇద్దరూ ఒకే ఇంటివారని నోటరీ కాగితంతో నిరూపించుకోవాల్సి వస్తోంది. అలా కుదించడం ప్రవక్త (స) పేరుకు మర్యాద కాదని మౌలానాలు చెప్పే మాట వేరే. కార్యాలయాల్లో పడే తిప్పలు చూసినా అది లాభం లేని పొదుపే.

పొరపాటు పడితే దిద్దుబాటుకు అదే చట్టంలోని 15వ సెక్షను వీలు కల్పిస్తుంది. అయితే రిజిస్టరులో మొదట రాసినదాన్ని చెరపరు, కొట్టివేయరు. సరైన పేరును పక్కన మార్జిన్‌లో రాసి, తేదీ వేసి, సంతకం పెడతారు. అంటే 'ఆసియా' అని ఒకసారి రిజిస్టరుకు ఎక్కిన పేరు 'జమీలా'గా మారినా, మొదటి పేరు ఆ పుటలో అలాగే ఉంటుంది. దాని వెనుక ఉన్నది సీనా, సాదా అన్నది మాత్రం ఆ పుట చెప్పదు.